చెత్త శుద్ధ దహనం: నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలు

నిర్వచనం, పరిధి

ఇళ్లు, దుకాణాలు, హోటళ్లు, సంతలు, వీధుల నుంచి వచ్చే చెత్తలో కుళ్లనివి, మళ్లీ వాడుకోవడానికి పనికిరానివి కొన్ని మిగులుతాయి. పొగను అదుపు చేసే ఏర్పాట్లున్న కొలిమిలో ఆ మిగులును మండించడమే శుద్ధ దహనం. మంట ఎంత ఎర్రగా ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పొగగొట్టం నుంచి వచ్చే గాలి, అడుగున మిగిలే బూడిద రెండూ నిర్ణీత పరిమితుల్లో ఉంటేనే అది శుద్ధమైనది. కుప్పకు అగ్గిపుల్ల గీసి వదిలేస్తే దాన్ని బహిరంగ దహనం అంటారు. ఆసుపత్రి వ్యర్థాలు, పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాలు, పొలాల్లో కాల్చే పత్తి కట్టె, వరి కొయ్యకాళ్లు మునిసిపల్ చెత్త కిందికి రావు. వాటి నిబంధనలు వేరు.

ఈ వ్యాసం పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రాంతానికి సంబంధించినది. 2016 అక్టోబరు పునర్విభజనలో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట జిల్లా వచ్చింది. షాద్‌నగర్ ప్రాంతం రంగారెడ్డి జిల్లాలో కలిసింది.

నేల, వాన, చెత్త

ఇది గ్రానైటు రాతి నేల. పైమట్టి పలచన, అడుగున పగుళ్ల రాయి. ఊళ్లకు దిక్కు ఆ పగుళ్లలో ఊరే నీరే. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లతో జనం దశాబ్దాల పాటు నడుములు వంగిపోయి బతికారు. అలాంటి చోట చెత్తకుప్ప నుంచి కారే రసమైనా, వాన నీటితో దిగే బూడిద సారమైనా బోరుబావికి చేరితే తిరిగి బాగుచేయడం చాలా కష్టం. చెత్తను గుంతలో పూడ్చితే సరిపోతుందని ఇక్కడ అనుకోలేకపోవడానికి కారణం ఇదే.

వానలు తక్కువ. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అదీ ఎక్కువ భాగం జూన్–సెప్టెంబరు నెలల్లోనే. ఎండాకాలంలో 42, 43 డిగ్రీల ఎండ. దహనం విషయంలో ఈ వాతావరణం రెండు రకాలుగా పనిచేస్తుంది: ఏడాదిలో ఏడెనిమిది నెలలు పొడి చెత్త ఎండలోనే ఖర్చు లేకుండా ఎండుతుంది, వానాకాలంలో కప్పు లేని చెత్త నీళ్లు పీల్చి మంటకు పనికిరాకుండా పోతుంది.

చరిత్ర

చెత్త కాల్చడానికే కట్టిన తొలి కొలిమి 1874లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో వెలిసింది. 1896లో జర్మనీలోని హాంబర్గ్, 1903లో డెన్మార్క్‌లోని ఫ్రెడెరిక్స్‌బర్గ్ అదే దారి పట్టాయి. అప్పట్లో అందరి దృష్టీ చెత్త మాయం కావడం మీదే, పొగ మీద కాదు. 1977లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చెత్త కొలిమి బూడిదలో డయాక్సిన్‌లనే విషాలను గుర్తించిన తర్వాతే లెక్క మారింది. ఆ తర్వాత కట్టిన కొలిముల్లో మంట యంత్రం కన్నా పొగను కడిగే యంత్రం పెద్దదయింది.

మన దేశంలో తొలి పెద్ద ప్రయత్నం ఢిల్లీలోని తిమార్‌పూర్. డెన్మార్క్ సాంకేతికతతో రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు తీయాలని 1987లో కట్టారు. కొద్ది వారాల పరీక్షతోనే ఆగిపోయింది. యంత్రం అడిగిన వేడి కిలోకు 1,400 కిలో కేలరీలకు పైమాట. వచ్చిన చెత్తలో ఉన్నది అందులో సగం. మట్టి, తేమ, కూరగాయ తొక్కలతో నిండిన చెత్తను యూరప్ కొలిమి మండించలేకపోయింది.

రెండో తరం ప్రయత్నానికి వేదిక అప్పటి మహబూబ్‌నగర్ జిల్లానే. హైదరాబాద్ చెత్తను నగర శివారులోని గంధంగూడలో ఎండబెట్టి, జల్లించి, మట్టి, రాళ్లు తీసేసి ఇంధనంగా మార్చేవారు. దీన్నే చెత్త ఇంధనం లేదా ఆర్‌డీఎఫ్ అంటారు. షాద్‌నగర్ దగ్గరి ఎలికట్ట గ్రామంలో సెల్కో సంస్థ 6.6 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని 2003లో ప్రారంభించింది. దాదాపు అదే సమయంలో విజయవాడలో శ్రీరామ్ ఎనర్జీ సిస్టమ్స్ 6 మెగావాట్ల కేంద్రం మొదలైంది. చెత్తతో కరెంటు తీయడంలో అప్పుడు దేశం చూసింది తెలుగు నేలనే. అయితే రెండు చోట్లా వరి పొట్టు లాంటి వ్యవసాయ వ్యర్థాలను కలపాల్సి వచ్చింది. తర్వాత రెండూ నిలిచిపోయాయి.

ఈ కేంద్రాల పనితీరు మీద వచ్చిన ప్రశ్నలు, పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2005లో కోర్టు ఇలాంటి ప్రాజెక్టులకు రాయితీలు ఆపింది. నిపుణుల కమిటీ పరిశీలన తర్వాత 2007లో ఐదు ప్రయోగాత్మక ప్రాజెక్టులకు అనుమతించింది. అప్పటి నల్లగొండ జిల్లా బీబీనగర్ మండలం చిన్నరావులపల్లిలో తలపెట్టిన 11 మెగావాట్ల ఆర్‌డీఎఫ్ విద్యుత్ కేంద్రం ఈ దశకు చెందినది. దాని నిర్మాణం ఆగుతూ సాగుతూ ఏళ్లకు ఏళ్లు పట్టింది.

హైదరాబాద్ చెత్త 2020 నుంచి జవహర్‌నగర్‌లో కాలుతోంది. అక్కడ 19.8 మెగావాట్లతో కేంద్రం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో చుట్టుపక్కల పట్టణాల చెత్తను ఒక్కచోటికి చేర్చే కేంద్రం గుంటూరు ప్రాంతంలో కొండవీడు దగ్గర 2022లో ప్రారంభమైంది. ఎలికట్ట, చిన్నరావులపల్లి రెండూ మెట్ట పల్లెల పొలిమేరల్లోనే ఉన్నా, వాటిని కట్టింది హైదరాబాద్ చెత్త కోసం. పల్లె చెత్తను ఏం చేయాలన్నది అప్పుడు ఎవరి ప్రణాళికలోనూ లేదు.

మంట నిలవడానికి కావలసినవి

చెత్త తనంత తాను మండాలంటే తేమ సగానికి లోపు, బూడిద అరవై శాతానికి లోపు, మండే పదార్థం నాలుగో వంతుకు పైగా ఉండాలి. ప్రపంచ బ్యాంకు 1999లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది సగటు వేడి విలువ కిలోకు 7 మెగాజౌళ్లకు, అంటే దాదాపు 1,670 కిలో కేలరీలకు తగ్గకూడదు.

తేమ ఎందుకంత అడ్డమో చిన్న లెక్కతో తేలుతుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలో కేలరీలు కావాలి. సగం నీళ్లున్న కిలో చెత్త, మంటలో పడగానే 300 కిలో కేలరీలను ఆ నీళ్లకే అప్పజెబుతుంది. కొలిమి వేడి దిగుతుంది, పొగ నల్లబడుతుంది, మసి పెరుగుతుంది. మిర్యాలగూడ రైసుమిల్లుల వరి పొట్టు కిలోకు 3,000 కిలో కేలరీల పైచిలుకు ఇస్తుంది, పాలిథీన్ సంచి 10,000కు దగ్గరగా. అరటి తొక్క, మిగిలిన అన్నం దాదాపు ఏమీ ఇవ్వవు. తడి చెత్తను ఇంటి గడప దగ్గరే వేరు చేయడం శుద్ధ దహనంలో మొదటి పని. ఆ పని జరగకపోతే తర్వాత ఏ యంత్రమూ ఆదుకోలేదు. (చూ. గ్రామ, పట్టణ ఏర్పాట్లు)

పొగలో ఉండేవి, వాటి శుద్ధి

దహనశాస్త్రంలో మూడు అంశాలు చెబుతారు: వేడి, వ్యవధి, కలయిక. వాయువు తగినంత వేడిలో, తగినంత సేపు, గాలితో బాగా కలిసి ఉండాలి. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు జంట గదుల కొలిముల్లో రెండో గది కనీసం 950 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలనీ, వాయువు అందులో కనీసం 2 సెకన్లు నిలవాలనీ విధించాయి. అడుగు బూడిదలో కాలకుండా మిగిలే సేంద్రియ కార్బన్ 3 శాతానికి లోపే ఉండాలని కూడా అవి చెప్పాయి.

డయాక్సిన్‌లు, ఫ్యూరాన్‌లు క్లోరిన్ ఉన్న సేంద్రియ విషాలు. కొవ్వులో పేరుకుంటాయి, పాలలోకి, గుడ్లలోకి దిగుతాయి. పీవీసీ పైపు ముక్కలు, రెగ్జిన్, ఉప్పు కలిసిన ఆహారం క్లోరిన్‌ను అందిస్తాయి. పెద్ద వేడిలో డయాక్సిన్‌లు విడిపోయినా, పొగ చల్లారుతూ 450 నుంచి 200 డిగ్రీల మధ్య తచ్చాడితే మసి, రాగి లాంటి లోహాల మీద మళ్లీ పుట్టుకొస్తాయి. అందుకే పొగను ఆ మెట్టు వేగంగా దాటించి చల్లబరుస్తారు. తర్వాత సున్నం ఆమ్ల వాయువులను పట్టుకుంటుంది. ఉత్తేజిత బొగ్గుపొడి పాదరసాన్ని, డయాక్సిన్‌లను పీలుస్తుంది. చివర గుడ్డ సంచుల వడపోత ధూళిని ఆపుతుంది.

అదే నిబంధనలు ఘనమీటరు పొగలో ధూళి 50 మిల్లీగ్రాములు, హైడ్రోజన్ క్లోరైడ్ 50, సల్ఫర్ డయాక్సైడ్ 200, నైట్రోజన్ ఆక్సైడ్‌లు 400 మిల్లీగ్రాములు దాటకూడదన్నాయి. డయాక్సిన్, ఫ్యూరాన్‌లకు 0.1 నానోగ్రాము హద్దు పెట్టాయి. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. దాన్ని కొలవడం ఏ పంచాయతీ వల్లా అయ్యే పని కాదు. తగిన ప్రయోగశాల, శిక్షణ పొందిన మనుషులు, పెద్ద ఖర్చు కావాలి.

కొలిముల రకాలు

అన్నిటికన్నా వాడుకలో ఉన్నది కదిలే జాలీ కొలిమి. చెత్త మెల్లగా జారుతూ ఎండి, మండి, బూడిదై కింద పడుతుంది. ఇసుక పరుపు కొలిమిలో కాగిన ఇసుకను గాలి ఊదుతూ ఉడికిస్తుంటే అందులో చిన్న ముక్కల ఇంధనం కాలుతుంది. ఒకే సైజు ముక్కలు లేకపోతే ఇది మొరాయిస్తుంది. తిరిగే గొట్టం కొలిమి గట్టి వ్యర్థాలకు పనికొస్తుంది. జంట గదుల కొలిమి చిన్న పరిమాణాలకు ఉద్దేశించినది: మొదటి గదిలో గాలి తక్కువ పెట్టి చెత్తను వాయువుగా మారుస్తారు, రెండో గదిలో బర్నర్‌తో ఆ వాయువును పూర్తిగా కాలుస్తారు. గాలి లేకుండా వేడి చేసే పైరాలిసిస్, కొద్ది గాలితో చేసే గ్యాసిఫికేషన్ కాగితం మీద బాగుంటాయి. కలగాపులగపు చెత్తతో నిలకడగా నడవడమే వాటికి కష్టం.

డీజిల్ అక్కర్లేదని, తక్కువ వేడిలోనే చెత్తను బూడిద చేస్తామని చెప్పే చిన్న పెట్టె యంత్రాలూ ఉన్నాయి. వేడి 400 డిగ్రీల దగ్గర ఆడుతుంటే అది డయాక్సిన్ పుట్టే మెట్టు మీదే నిలబడ్డట్టు. పొగ కంటికి కనిపించకపోవడం శుద్ధికి రుజువు కాదు.

చిన్న మంట, పెద్ద సమస్య

చెత్త తక్కువైతే మంట హాని కూడా తక్కువని అనిపించడం సహజం. కొలతలు వేరే చెబుతున్నాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశోధకులు పీపాల్లో ఇంటి చెత్త కాల్చి పొగను కొలిచారు. కొద్ది ఇళ్లవారు, ఎక్కువలో ఎక్కువ కొన్ని పదుల ఇళ్లవారు, రోజూ అలా కాలిస్తే వచ్చే డయాక్సిన్, పొగశుద్ధి ఉన్న రోజుకు 182 టన్నుల కొలిమి వదిలేదానితో సమానమని 2000లో ప్రచురించిన ఆ అధ్యయనం తేల్చింది. వీధి చివర తెల్లారుజామున రేగే పొగను ఈ వెలుగులో చూడాలి. దాన్ని మొదట పీల్చేది ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులే.

మరి ఊరికో శుద్ధమైన కొలిమి ఎందుకు పెట్టరు? పరిమాణం చాలదు. ప్రపంచ బ్యాంకు మార్గదర్శకాలు ఏడాదికి కనీసం 50,000 టన్నుల చెత్త ఉండాలంటాయి. రోజుకు 137 టన్నులన్నమాట. తలకు 400 గ్రాముల చొప్పున వేసినా దాదాపు 3.4 లక్షల మంది చెత్త కావాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాలు ఒక్కొక్కటీ విడిగా ఆ అంకెకు చేరవు. చెత్త చాలని కొలిమిని రాత్రి ఆర్పి పొద్దున రాజేయాలి. వెలిగించినప్పుడూ ఆర్పినప్పుడూ వేడి సరిపోక విషవాయువులు ఎక్కువ వస్తాయి.

ప్రపంచంలో చిన్న జనాభాకు నడిచే కొలిములు లేకపోలేదు. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్ పట్టణం చెత్త మంటతో నీళ్లు కాచి ఇళ్లకు గొట్టాల్లో పంపుతుంది. ఏడాదంతా చలి ఉన్న చోట ఆ వేడికి గిరాకీ ఉంటుంది, ఖర్చు తిరిగొస్తుంది. మహబూబ్‌నగర్‌లో వేసవి వేడిని అమ్మబోతే కొనేవాళ్లుండరు. జనం మరీ తక్కువైన చోట దారి వేరు: అంటార్కిటికాలో బహిరంగ దహనాన్ని 1991 మాడ్రిడ్ ఒప్పందం ద్వారా ఆపారు. అక్కడి స్థావరాలు చాలా చెత్తను ఓడల్లో వెనక్కి పంపుతాయి.

సిమెంటు బట్టీలు

మెట్ట ప్రాంతానికి దగ్గర్లో అసలైన పెద్ద మంటలు ఇప్పటికే ఉన్నాయి. కృష్ణ ఒడ్డున సున్నపురాయి పొర వెంట వాడపల్లి, విష్ణుపురం, గణేశ్‌పహాడ్, మట్టంపల్లి, మేళ్లచెరువు ప్రాంతాల్లో సిమెంటు కర్మాగారాలు వరుసకట్టాయి. పడమటి వైపు తాండూరు, దాని అవతల కర్ణాటకలోని సేడం, మల్ఖేడ్ బట్టీలు నారాయణపేట, కోస్గి ప్రాంతాలకు దగ్గర.

సిమెంటు బట్టీలో జ్వాల 2,000 డిగ్రీలకు చేరుతుంది, రాతిపిండి 1,450 డిగ్రీల దాకా కాలుతుంది. వాయువు ఆ వేడిలో నాలుగైదు సెకన్లకు పైగా ఉంటుంది. చుట్టూ ఉన్నది సున్నమే కాబట్టి ఆమ్ల వాయువులు అందులోనే కరిగిపోతాయి. బూడిద విడిగా మిగలదు, క్లింకర్‌లో, అంటే బట్టీలో తయారయ్యే సిమెంటు గడ్డల్లో, కలిసిపోతుంది. బట్టీ రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తుంది. దీన్ని సహ దహనం అంటారు. చిన్న కొలిమికి సాధ్యం కానివన్నీ ఇక్కడ సిద్ధంగా ఉన్నాయి.

షరతులూ ఉన్నాయి. క్లోరిన్ ఎక్కువైతే ముందువేడి గోపురంలో ఉప్పుగడ్డలు కట్టి దారి మూసుకుంటుంది. పాదరసం లాంటి తేలికగా ఆవిరయ్యే లోహాలను బట్టీ పట్టి ఉంచలేదు. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు ఆర్‌డీఎఫ్‌ను వేడి విలువ, తేమ, బూడిద, క్లోరిన్‌లను బట్టి శ్రేణులుగా విడదీశాయి. మూడో శ్రేణికి కిలోకు 3,000 కిలో కేలరీలు, రెండో దానికి 3,750, మొదటి దానికి 4,500 కావాలి.

పరిమాణం ఎలా సరితూగుతుందో అంచనా వేయవచ్చు. రోజుకు 3,000 టన్నుల క్లింకర్ తీసే బట్టీకి, కిలోకు 750 కిలో కేలరీల చొప్పున, రోజుకు 225 కోట్ల కిలో కేలరీలు కావాలి. అందులో 5 శాతాన్ని మూడో శ్రేణి ఆర్‌డీఎఫ్‌తో ఇస్తే రోజుకు 37.5 టన్నులు పడుతుంది. మూడు వేల జనాభా ఉన్న పల్లె నుంచి తడి చెత్త, అమ్ముడుపోయే అట్టలు, సీసాలు తీసేశాక రోజుకు 60 కిలోల మిగులు వస్తుందనుకుంటే, ఆ ఒక్క బట్టీ ఆరు వందలకు పైగా పల్లెల మిగులును మింగగలదు. ఒక్కో పల్లె వాటా లారీకి చాలదు. వంద పల్లెలది కలిస్తే రోజుకు ఆరు టన్నులు, ఒక లారీ.

చట్టం

1981 వాయు కాలుష్య నివారణ చట్టం కింద కొలిములకు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి. 2000 నాటి మునిసిపల్ వ్యర్థాల నిబంధనల స్థానంలో 2016 ఏప్రిల్‌లో ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వచ్చాయి. కిలోకు 1,500 కిలో కేలరీలు, అంతకు మించి ఉన్న, తిరిగి వాడలేని చెత్తను పూడ్చకూడదని, ఇంధనంగానే వాడాలని అవి చెప్పాయి. ఆర్‌డీఎఫ్ కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపున్న, ఇంధనం వాడే పరిశ్రమలు కనీసం 5 శాతం ఆర్‌డీఎఫ్ వాడాలన్నాయి. అదే ఏడాది డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగ దహనాన్ని నిషేధించి, మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది.

బూడిద

దహనం చెత్తను మాయం చేయదు. అడుగు బూడిద చెత్త బరువులో అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా మిగులుతుంది, మట్టి కలిసిన చెత్తలో ఇంకా ఎక్కువ. పరీక్షలో నెగ్గితే రోడ్డు అడుగు పొరకో, ఇటుకలకో పనికొస్తుంది. వడపోత సంచుల్లో చేరే ఎగిరే బూడిద తక్కువే అయినా సీసం, కాడ్మియం, డయాక్సిన్‌లు దానిలోనే పేరుకుంటాయి. విష లోహాలు పరిమితి దాటితే దాన్ని హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఊరి పెంటగుంతలో పోయడానికి అది కట్టెల పొయ్యి బూడిద కాదు.

గ్రామ, పట్టణ ఏర్పాట్లు

పాత నల్లగొండ జిల్లాకు ఈ విషయంలో గట్టి పూర్వానుభవం ఉంది. అప్పటి కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ హయాంలో సూర్యాపేట మునిసిపాలిటీ 2003 నుంచి ఇంటింటికీ వెళ్లి తడి, పొడి చెత్తలను విడివిడిగా తీసుకుంది. సుమారు లక్ష జనాభా, రోజుకు 32 టన్నుల చెత్త. తడిది వానపాముల ఎరువుగా మారింది, పొడిది అమ్మకానికి వెళ్లింది. వీధి కుండీలు లేని పట్టణంగా సూర్యాపేట పేరు దేశమంతా వినిపించింది. ఏ కొలిమీ లేకుండా సాధించిన ఈ ఫలితం శుద్ధ దహనం గురించిన వ్యాసంలో ప్రధాన ఉదాహరణ కావడం యాదృచ్ఛికం కాదు. కాల్చాల్సింది ఎంత తగ్గితే మంట అంత శుభ్రం.

2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, డంపింగ్ యార్డు, చెత్త వేరుచేసే షెడ్డు సమకూరాయి. శుద్ధ దహనానికి గ్రామస్థాయిలో కావలసిన కట్టడం ఈ షెడ్డే. పొడి చెత్తను ఎండలో ఆరబెట్టి, పీవీసీ, రెగ్జిన్, బ్యాటరీలు ఏరేసి, గాజు, ఇనుము, అట్టలు పక్కకు తీసి, మిగిలినదాన్ని మూటగట్టి కప్పు కింద ఉంచితే అది చెత్త ఇంధనానికి ముడిసరుకు. మండల కేంద్రంలో మూటలు అదిమే బేలింగ్ యంత్రం ఉంటే లారీ ఖర్చు తగ్గుతుంది. జూన్‌కు ముందే నిల్వ తరలిపోవాలి. తడిసిన మూటను బట్టీ తిరగ్గొడుతుంది.

జాతరలు ఈ లెక్కలో ప్రత్యేకం. దురాజ్‌పల్లి పెద్దగట్టు, చెర్వుగట్టు, కురుమూర్తి, మన్యంకొండ వంటి చోట్ల కొద్ది రోజుల్లోనే ఊరి మామూలు చెత్తకు ఎన్నో రెట్లు పేరుకుంటుంది. అందులో ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్లు, నీళ్ల పొట్లాలు ఎక్కువ. తెల్లారేసరికి ఊడ్చి అంటుపెట్టడం పాత అలవాటు. 2022 జులై 1 నుంచి ఆ గ్లాసుల వంటి, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిపై దేశవ్యాప్త నిషేధం ఉంది.

నల్లమల అంచున

నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం సుమారు 2,600 చదరపు కిలోమీటర్ల అడవి. లోపల చెంచు గిరిజనుల చిన్న ఊళ్లు, అంటే పెంటలు, ఉన్నాయి, మన్ననూరు మీదుగా శ్రీశైలం రహదారి సాగుతుంది. చెంచుల ఇళ్లలో పుట్టే చెత్త బహు స్వల్పం. బరువంతా రహదారి మీద వచ్చిపోయేవారు విసిరే సీసాలు, కవర్లదే. ఆకురాలు అడవిలో ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్క నిప్పురవ్వ గుట్టలకు గుట్టలు కాల్చేస్తుంది కాబట్టి ఇక్కడ చిన్న కొలిమికైనా చోటు లేదు. 2024 జులై నుంచి అభయారణ్యంలో ఒక్కసారి వాడే ప్లాస్టిక్‌ను అటవీ శాఖ నిషేధించింది. రోడ్డు వెంట ఏరిన ప్లాస్టిక్‌ను అడవి బయటికి దించి, అక్కడి నుంచే మళ్లీ వాడకానికో, బట్టీకో పంపాల్సి ఉంటుంది.